కోహిమాలో ఒక టెన్నిస్ కోర్టు

నాగాలాండ్ రాజధాని కోహిమా నడిబొడ్డున, గారిసన్ హిల్ అనే గుట్టమీద మెట్లు మెట్లుగా సైనికుల సమాధులున్నాయి. ఆ వరుసల మధ్య ఓ టెన్నిస్ కోర్టు కొలతలు తెల్లటి సిమెంటు గీతలుగా కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న 1944లో అది డిప్యూటీ కమిషనర్ బంగళా ఆవరణ. ఏప్రిల్‌లో జపాన్ సేన కోహిమాను చుట్టుముట్టినప్పుడు, కోర్టుకు ఆ చివర వాళ్లు, ఈ చివర బ్రిటిష్, భారతీయ సైనికులు. మధ్య దూరం చేత్తో గ్రెనేడు విసిరేంత! ముట్టడి రెండు వారాల్లో వీడినా, పోరు జూన్ దాకా సాగింది.

ఇక్కడ 1,420 సమాధులున్నాయి. చాలామంది వాటిని చూసి, ఫొటో దిగి వెనుదిరుగుతారు. మీరు మాత్రం పైదాకా ఎక్కండి. దహన సంస్కారం జరిగిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారకం అక్కడే ఉంది. సమాధుల పలకల మీద వయసులు చదవండి, తొందరపడకండి.

నా మట్టుకు ఒక్క లోటు. ఆ యుద్ధంలో ఇళ్లు కాలిపోయిన, గాయపడ్డవారిని మోసిన నాగా ప్రజల కథ ఈ గుట్టమీద పెద్దగా వినిపించదు. దానికి కోహిమా దగ్గరి కిసామాలోని యుద్ధ మ్యూజియం కూడా చూడాలి.

కోహిమా వెళ్లాలంటే దిమాపూర్ దాకా రైల్లో వెళ్లవచ్చు, అక్కడినుంచి కొండదారి. నాగాలాండ్‌లోకి వెళ్లడానికి బయటి రాష్ట్రాలవారికి ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి. డిసెంబరు మొదట్లో కిసామాలోనే హార్న్‌బిల్ పండుగ జరుగుతుంది కాబట్టి, అప్పుడు వెళ్లేవారు గది ముందే చూసుకోవాలి.