తుంగభద్రపై పడవల రేవులు - పంచాయతీల జాగ్రత్త



దేవరగట్టుపై దసరా రాత్రి జరుగు బన్ని ఉత్సవము మీకు క్రొత్త కాదు. మాళ మల్లేశ్వరస్వామి సన్నిధికి వేలాది జనము వచ్చి పోవుదురు. మరునాడు కొండ క్రింద మిగిలిన విస్తళ్లు, ప్లాస్టిక్ సంచులు ఎత్తివేయుట ఎంత పనియో మేము చెప్పనక్కరలేదు. ఒక్క రాత్రి జాతర సంగతియే ఇట్లుండగా, దినదినము సరుకు దిగు పడవల రేవు ఏర్పడినచో నదిగట్టు గతి ఏమగును? ఇది ఊరక వేసిన ప్రశ్న కాదు. 2016 నాటి జాతీయ జలమార్గముల చట్టములో 111 జలమార్గములు గలవు. అందు తుంగభద్ర ఒకటి. కౌతాళం, కోసిగి, మంత్రాలయం మండలముల వెంబడి పారు మన నదియే అది.

చట్టమున పేరెక్కినంత మాత్రమున పడవలు నడువవు. వేసవిలో పుట్టి కూడ తేలని చోట్లు ఈ నదిలో ఎన్నియో గలవు. ఆదోని మార్కెట్టుకు పోవు పత్తి, వేరుశనగ, రోడ్డును రైలును విడిచి రేవునకు వచ్చునా అన్నది కూడ ఆలోచింపదగినదే.

పూర్వానుభవము మన జిల్లాలోనే గలదు. సుంకేసుల ఆనకట్ట నుండి కడప వరకు పోవు కె.సి. కాలువను 1860 దశకములో ఒక ఆంగ్లేయ కంపెనీ సేద్యమునకును, పడవలకును కలిపి త్రవ్వించెను. లాకులు కూడ కట్టిరి. కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వము దానిని కొనెను. పడవల రాకపోకలు క్రమముగా నిలిచిపోయినవి. సేద్యము నేటికిని సాగుచున్నది.

నీటి కొరత నాటికంటె నేడు తీవ్రము. 1953లో నీరు నిలిపిన తుంగభద్ర జలాశయమున మొదట సుమారు 133 టి.ఎం.సి.లు పట్టెడిది. పూడిక చేరి, ఇప్పుడు పట్టునది సుమారు 105 మాత్రమే. దిగువ కాలువ క్రింది ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు ఈ తరుగు ఎట్టిదో తెలియును. కావున పడవలకై నీరు నిలుపుడని ఎవరైన కోరినచో, మొదట త్రాగునీరు, పిదప పైరు, ఆ పిదపనే పడవ అని పంచాయతీలు వ్రాతమూలకముగా తెలుపవలెనని మా అభిప్రాయము.

ఇక రేవు వచ్చుటయే నిశ్చయమైనచో, పెద్ద ఓడరేవుల శుభ్రతా పద్ధతులను ఉన్నవున్నట్లు ఇచ్చటికి తెచ్చుట వృథా వ్యయము. వానిలోని సారమును గ్రహించిన చాలును. ఐరోపాలోని రైన్ నది దేశములు 1996లో ఒక ఒప్పందము చేసికొనినవి. అది 2009లో అమలునకు వచ్చినది. పడవ అడుగున చేరు నూనెనీటిని నదిలో వదలక ఒడ్డున అప్పగింపవలెను. అందుకగు ఖర్చును పడవవారే ఇంధనము కొనునపుడు చెల్లింపవలెను. ఈ పద్ధతికి మన రేవులో మూతగల పీపాలు, తాళము వేయు కొట్టు, అప్పగింతల పుస్తకము చాలును. పడవలు నీటిని మలినము చేయరాదని మన 2021 లోతట్టు నౌకల చట్టము కూడ చెప్పుచున్నది. కొచ్చిలో 2023 నుండి బ్యాటరీ పడవలు జనులను చేరవేయుచున్నవి. అచ్చట నీటికి కొరత లేదు, ఇచ్చట ఎండకు కొరత లేదు! నది నిండుగా ఉన్న నెలలలో ఆవలి గట్టునకు పోవు పడవకు అట్టి ఏర్పాటు తగునేమో చూడవచ్చును.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసినది పూడికతీత విషయము. పడవదారి పేరిట ఇసుకను లోతుగా తీసినచో నదిలోని నీటిమట్టము దిగి, ఒడ్డు బావులును, త్రాగునీటి బోర్లును ఎండును. ఒండ్రు వేరు, ఇసుక వేరు. ఒండ్రును పొలములకు తోలుకొనవచ్చును. ఇసుక నదికే ఉండవలెను. ఎంత లోతు తీయుదురు, ఎచ్చట పోయుదురు, కొలతలు ఎవరు వేయుదురు అని పని మొదలు కాకముందే అడుగుడు. కొలతల నకలు పంచాయతీ కార్యాలయమున ఉంచుడు.

సర్వేకు వచ్చిన అధికారులకు ఆశ్వయుజపు నిండు నదినే గాక, వైశాఖమున నీరు నిలుచు మడుగులను కూడ చూపుడు. త్రాగునీటి పథకపు బావికి ఎగువన రేవునకు అంగీకరింపక, దిగువన చోటు చూపి, ఆ చోటి సర్వే నంబరును గ్రామసభ తీర్మానములోనే వ్రాయించుడు.