బుడగ పైకి, బండ గ్యాసు కిందికి



తిరునాళ్లలో బుడగలు అమ్ముతారు. కొన్ని ఊళ్లలో బూర అంటారు, కొన్ని ఊళ్లలో బుగ్గ అంటారు. నోటితో ఊదిన బుడగ కింద పడుతుంది. సిలిండరుతో నింపిన బుడగ, దారం వదిలితే ఆకాశానికి పోతుంది. ఎందుకని?

గాలికి బరువు లేదనుకుంటారు చాలామంది. కానీ ఉంది. బట్టల కొట్లో మీటరు గుడ్డ కొలుస్తారు గదా. అంత పొడవు, అంత వెడల్పు, అంత ఎత్తు ఉన్న పెట్టె ఒకటి ఉందనుకోండి. దాని నిండా పట్టే గాలి సుమారు కిలో రెండు వందల గ్రాములు తూగుతుంది. అదే పెట్టెలో హీలియం అనే వాయువు నింపితే సుమారు 170 గ్రాములే. అంటే గాలిలో ఏడో వంతు. నీళ్ల మీద నూనె తేలినట్టు అది గాలిలో పైకి తేలుతుంది.

ఈ హీలియం కథలో మన గుంటూరు కూడా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. ఆ ఏడాదే సూర్యుడి వెలుగులో ఒక కొత్త పసుపు గీత కనబడింది. భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ ఆ గీత లేదు. గ్రీకు భాషలో సూర్యుడు హీలియోస్. అందుకని హీలియం అన్నారు. అది భూమ్మీద దొరికింది 1895లో.

హీలియం కంటే తేలికైనది ఒక్కటే, హైడ్రోజన్. పెట్టెడు కలిపినా 90 గ్రాములకు మించదు. చవక కూడా. కానీ హీలియం మండదు, హైడ్రోజన్ భగ్గుమంటుంది. చూస్తే ఏది ఏదో తెలియదు. సిలిండరు పేలి బుడగలమ్మేవాళ్లు, చుట్టూ చేరిన పిల్లలు చనిపోయిన సంఘటనలు మన దేశంలో ఉన్నాయి. బుడగ దగ్గర బీడీ, అగ్గిపుల్ల, కొవ్వొత్తి వద్దు. నింపేటప్పుడు పిల్లల్ని దూరంగా నిలబెట్టండి.

ఇక వంటగ్యాసు. 1999లో దీపం పథకం వచ్చాక పల్లెల్లోనూ చాలా ఇళ్లకు బండ వచ్చింది. ఈ గ్యాసు పెట్టెడు సుమారు రెండు కిలోలు. గాలికంటే బరువు. లీకయితే పైకి పోదు. నీళ్లలాగా నేల మీద పరుచుకుంటుంది. పై కిటికీ ఒక్కటే తీస్తే చాలదు, తలుపులు బార్లా తీయాలి. అసలు దానికి వాసన లేదు, మనకు తెలియాలని కంపెనీవాళ్లే కలుపుతారు. వాసన వస్తే లైటు వేయొద్దు, వేసి ఉంటే ఆర్పొద్దు. స్విచ్చి నొక్కితే నిప్పురవ్వ పుడుతుంది. రెగ్యులేటరు కట్టేసి, అందరూ బయటికొచ్చి, 1906కి ఫోను చేయాలి.

పాడుబడ్డ బావిలోనూ ఇదే సంగతి. ఆకూ అలమూ కుళ్లితే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది పెట్టెడు కిలో ఎనిమిది వందల గ్రాములు. బరువు గనుక అడుగునే నిలిచిపోతుంది. రంగు లేదు, వాసన లేదు. దిగినవాడు కూలిపోతాడు. వాణ్ని తీద్దామని అన్న దిగుతాడు, అతనూ లేవడు. దీపం దించి చూడటం పాత అలవాటు. దీపం ఆరితే అసలు దిగకూడదు. ఆరకపోయినా పూర్తి భరోసా లేదు. లోపల మనిషి పడిపోతే మీ ఇంటి మగవాళ్లను దిగనివ్వకండి. చెయ్యి పట్టుకుని ఆపండి. 101కి ఫోను చేసి ఫైరింజనువాళ్లను పిలిపించండి.