పట్టు పరికిణీ – అంచు మడత

(స్త్రీల కార్యక్రమములో చేసిన ప్రసంగము)



పండుగకో పెండ్లికో ఆడపిల్లకు పట్టు పరికిణీ కుట్టింపని తెలుగు ఇల్లు అరుదు. ధర్మవరములో కొన్న క్రొత్త పట్టు కావచ్చును, అమ్మమ్మ పెండ్లినాటి చీరయే కావచ్చును. బట్ట ఏదైనను చిక్కు ఒక్కటే. పిల్ల ఎదుగును, పట్టు ఎదుగదు. నేడు కొలతకు సరిగా కత్తిరించిన పరికిణీ రెండు సంక్రాంతులు గడచునప్పటికి చీలమండలు దాటి పైకి పోవును. ఎదుగుదలకని పొడుగుగా వదలితిమా, రెండు చేతుల పళ్లెము పట్టుకొని గుడిమెట్లెక్కు పిల్ల కాలికి అడ్డుపడును. ఈ రెంటికిని నడుమ నున్న దారి అంచు మడత. దానిని ఇంటిలోనే సూదితో ఎట్లు వేసికొనవచ్చునో మనవి చేసెదను.

మొదటి నియమము, జరీ అంచును కత్తెర తాకరాదు. పరికిణీ క్రింది కొస నేతగాడు మగ్గముమీదనే ముగించిన కొస. పోగులు అచట వెనుకకు మరలి యుండుటచే అది పీచు లేవదు. దానిని కోసినచో అందమును, గట్టిదనమును రెండును పోవును. కావున మిగులు పొడవును అంచునకు పైన, లోపలి వైపుగా మడిచి దాచవలెను. ఒడలును అంచును కలియు గీతవెంట కుట్టు పడినచో అది పైకి కనబడదు. మడత క్రిందికి వాలి జరీకి వెనుక ఆనుకొని నిలుచును. మడత లోతు అంచు వెడల్పుకంటె తక్కువగా నుండవలెనని మరువకుడు. గద్వాల బట్టలో నూలు ఒడలికి పట్టు అంచు చేర్చి యుందురు. ఆ అతుకుమీదనే సూది దింపక రెండు మూడు పోగులు పైగా కుట్టుట మేలు.

ఇక లెక్క. 2 అంగుళముల లోతు మడత 4 అంగుళముల పొడవును మ్రింగును. బడి వయస్సు పిల్ల ఏటా సుమారు 2 అంగుళములు ఎదుగును. అందులో సగమునకు కొంచెము పైగా నడుమునకు క్రిందనే. కావున ఈ ఒక్క మడత ఇంచుమించు మూడేండ్లకు సరిపోవును. అటుపిమ్మట ఆ పరికిణీయే చెల్లెలికి మరల మడత వేసికొని కట్టవచ్చును.

కొలత నేలనుండి పైకి తీయవలెను. పిల్లను చదునైన నేలమీద, బొందు మామూలుగా బిగించుకొని, నిటారుగా నిలువుమనుడు. పిల్ల వంగి చూచినచో వెనుకభాగము పైకి లేచి కొలత తప్పును. పిల్ల కదలరాదు, కొలుచు మనమే చుట్టు తిరుగవలెను. అంచు నేలకు ఒకటిన్నర అంగుళము ఎత్తున నుండిన చాలును. ముందు వెనుకలలో హెచ్చుతగ్గులు కనబడినచో వానిని నడుము పట్టీ దగ్గర సరిదిద్దుడు. మడతలో సవరింపబోయినచో తిన్నని అంచు వంకర పోవును.

కుట్టుటకు సన్నని సూది తీసికొనుడు. చేతిసూదులలో సంఖ్య పెరిగినకొలది సూది సన్నబడును. దారము బట్ట రంగుదే కావలెను, సరిగా దొరకనిచో ఒక వన్నె ముదురుది మేలు. మూరెడు దారమునకు మించి ఎక్కింపకుడు, ముడులు పడును. గుండుసూదులు గ్రుచ్చిన పట్టుపై గుంటలు నిలిచిపోవును గనుక, వానిని మడతలోనికి పోవు భాగముననే గ్రుచ్చవలెను. మొదట దూరదూరముగా టాకాలు వేసి, పిల్లకు మరల కట్టి చూచి, ఆ పిమ్మటనే అసలు కుట్టు వేయుడు. ఆ కుట్టును మరీ బిగింపకుడు, ఒకనాడు విప్పవలసినదే గదా! విప్పునపుడు దారమును లాగక, లోపలి వైపున మూడు నాలుగు కుట్లకొకటి చొప్పున కత్తిరించి మెల్లగా తీయవలెను.

లోపలి నూలు లైనింగును కుట్టుటకు ముందే ఒక రాత్రి నీట నానవేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయవలెను. దాని క్రింది కొసను విడిగా మడిచి కుట్టుడు. అది పట్టుకంటె ఒక అంగుళము పొట్టిగా నుండవలెను. పట్టుతో కలిపి కుట్టినచో, నూలు కుంచించుకొనినపుడు పట్టు ముడుతలు పడును. ఇస్త్రీపెట్టె గోరువెచ్చగా నుండవలెను, పట్టుమీద పలుచని నూలుగుడ్డ పరచి రుద్దక అదుమవలెను. నీళ్లు చిలుకరించినచో మచ్చలు నిలుచును.

చివరకు ఒక హెచ్చరిక. మడతలోపలి పట్టుకు వెలుగు తగులదు. పైభాగము ఎండకు వెలిసినచో, మడత విప్పిననాడు ముదురు రంగు చార యొకటి బయటపడును. కావున పరికిణీని ఎల్లప్పుడు తిరుగవేసి నీడనే ఆరవేయుడు. జరీ ఒకేచోట పలుమారు మడిగినచో విరుగును. అందుచేత ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి దాచి, అప్పుడప్పుడు తీసి మడతలు మార్చుచుండుడు. ఈపాటి శ్రద్ధ వహించితిమా, నేడు పెద్దపిల్ల కట్టిన పట్టు చిన్నపిల్ల కట్టునాటికిని క్రొత్తదనము వీడక యుండును.