తీమార్‌దారీ - ఇంటిల్లిపాది బాధ్యత

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము, ఉర్దూ పాఠాలు చెప్పుకునేవాళ్లం. ఉర్దూలో రోగి గురించి రెండు మాటలున్నాయి. ఒకటి అయాదత్, అంటే రోగిని పలకరించి రావడం. రెండోది తీమార్‌దారీ, అంటే రోగి పక్కనుండి సేవ చేయడం. మన చిట్యాలలో మొదటిదానికి లోటు లేదు. ఎవరైనా మంచాన పడ్డారంటే పండ్లు పట్టుకొని పదిమందిమి పోతాం, దువా చేస్తాం, చాయ్ తాగి వస్తాం. రెండోది మాత్రం ఆ ఇంటి కోడలి నెత్తిన వేస్తున్నాం. ఆమెకు ఏం చేయాలో చెప్పేవారు లేరు, చేతికింద సాయం లేదు.

ప్రవక్త (స) కాలంలో రుఫైదా అనే మహిళ మదీనా మస్జిదులో గుడారం వేసి గాయపడ్డవారికి సేవ చేసేది. కందకపు యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్‌ను ఆ గుడారంలోనే ఉంచారని చదువుకున్నాం. ఈ పనికి మన దగ్గర అంత గౌరవం ఉంది.

ఈ రోజు కన్ను, చెవి, నరాల జబ్బుల గురించే మాట్లాడతాం. ఈ మూడింటికీ చుట్టరికం ఉంది. ముఖాన్ని కదిలించే నరం మెదడు నుంచి బయలుదేరి, చెవి ఎముకలోంచి వచ్చి, కనురెప్పను మూస్తుంది. అందుకే లక్వా వచ్చి మూతి వంకరపోయినవారికి ఆ వైపు రెప్ప పడదు. అందరూ మూతినే చూస్తారు, కన్ను ఎండి పుండు పడేది చూడరు. డాక్టరు ఇచ్చిన చుక్కలు వేస్తూ, రాత్రిపూట రెప్పను మూసి మెత్తని టేపు అంటించాలి.

ముందు కన్ను. 2018లో కంటి వెలుగు శిబిరాలు మొదలైనాక మన ఊళ్లలో చాలామంది కళ్లు చూపించుకున్నారు. మోతియాబింద్ ఆపరేషను అరగంట కూడా పట్టదు, ఆ తరువాతి నెల రోజుల జాగ్రత్త ఇంటివాళ్లది. సబ్బుతో చేతులు కడుక్కొని, కింది రెప్పను లాగి, సీసా మొన కంటికి తగలకుండా ఒక్క చుక్క వేయాలి. రెండో మందుకు అయిదు నిమిషాలైనా ఆగాలి. ఆకుపసర్లు, చనుబాలు కంట్లో పోయొద్దు. కన్ను ఎర్రబడి నొప్పి పెరిగినా, చూపు తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉండనే ఉంది. వజూ సంగతి అడుగుతారు. కంటికి నీళ్లు తగలకూడదని డాక్టరు చెప్తే మసహ్, తయమ్ముమ్ ఉన్నాయి. వంగొద్దంటే కూర్చొని సైగతో నమాజు చేయవచ్చు. చూపు లేనివారిని తాకేముందు పేరు చెప్పి పలకరించండి. వారి చెంబు, కర్ర ఉన్నచోటి నుంచి జరపొద్దు.

ఇక చెవి. చీము కారే పిల్లవాడు బడిలో వెనక బెంచీలో కూర్చుంటాడు. పాఠం వినబడదు, మొద్దు అని పేరు పడుతుంది. ఆ చెవిలో నూనె పోయొద్దు, పుల్ల పెట్టొద్దు. శుభ్రమైన మెత్తని గుడ్డను వత్తిలా చేసి పైపైన తుడవాలి, చెరువులో మునగనీయొద్దు. చీముతోపాటు జ్వరం, తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం కనబడితే రోగం మెదడు దాకా పోతున్నదని అర్థం. ఆలస్యం చేయకుండా కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రికో, దగ్గరి పెద్దాసుపత్రికో పరుగెత్తాలి. వినబడని ముసలివారి దగ్గర కేకలు వేస్తే లాభం లేదు. ఎదురుగా వెలుతురులో కూర్చొని నిదానంగా మాట్లాడితే పెదవులు చూసి సగం తెలుసుకుంటారు.

అన్నిటికన్నా పెద్ద కష్టం ఫాలిజ్, పక్షవాతం. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ముందు గడియారం చూడండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షను మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అదీ తలకు స్కాను తీసి, తగునని తేలితేనే. మన ఊరు హైవే మీదనే ఉంది, 108కు ఫోను చేస్తే బండి వస్తుంది. పావురం రక్తం రుద్దుదామా, ఎవరినైనా పిలుద్దామా అని ఇంట్లోనే పూట గడిచిపోతున్నది. ఆ సమయంలో నోట్లో నీళ్లు కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇంటికి తెచ్చినాక రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకుంటే వీపుకు, తుంటికి పుండ్లు పడతాయి. కూర్చోబెట్టే తినిపించాలి, తిన్నాక అరగంట పడుకోనీయొద్దు. పడిపోయిన చెయ్యి పట్టి లేపితే భుజం జారుతుంది. మాట రానంత మాత్రాన తెలివి లేనట్టు కాదు. అవును, కాదు అని తల ఊపే ప్రశ్నలు అడగండి.

మన నల్లగొండ జిల్లాకు ఇంకో బాధ ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగినవారికి వెన్నెముక గట్టిపడి లోపలి నరాలను నొక్కేస్తుంది. కాళ్లు బిగుసుకుంటాయి, స్పర్శ పోతుంది, మూత్రం మీద పట్టు తప్పుతుంది. పాత రోగికి ఈ సేవ నెలలు కాదు, ఏళ్లు చేయాలి.

ఫిట్సు వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకపోండి. రంజాన్‌లో ఫిట్సు మాత్రలు సొంతంగా మానేసేవారున్నారు, అది ప్రాణం మీదికి వస్తుంది. రోగికి సడలింపు ఖురాన్‌లోనే ఉంది. సహర్, ఇఫ్తార్ వేళలకు మందు సర్దవచ్చునా అని డాక్టరును, మసలా ఏమని మౌల్వీ సాబును అడిగి నడుచుకోండి.

చివరగా మా మనవి. రోగిని చూడబోయినవారు పండ్లతోపాటు రెండు గంటల సమయం కూడా తీసుకపోండి. మీరు రోగి దగ్గర కూర్చుంటే ఆ ఇంటి తల్లి స్నానం చేసి, ఇంత తిని, కాసేపు నిద్రపోతుంది. మగ రోగికి పక్క మార్చడం, స్నానం చేయించడం మగవాళ్లమే నేర్చుకుందాం. సొసైటీవారు ఒక చక్రాల కుర్చీ, ఒక బెడ్‌ప్యాన్, తల వైపు ఎత్తే మంచం ఒకటి కొని ఉంచి, అవసరమున్న ఇంటికి, ఏ మతంవారైనా సరే, వాడుకొని తిరిగి ఇచ్చే పద్ధతిన ఇస్తే బాగుంటుంది. దానికి మా వంతు చందా ఈ సభలోనే రాయించి పోతాం.

అల్లాహ్ రోగులకు షిఫా, సేవ చేసేవారికి ఓపిక ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.