1999: ఆట వేరు, యుద్ధం వేరు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్‌తో చదువు ఆపి మిలిటరీలో చేరినవాణ్ణి. పెద్ద ఉపన్యాసాలు రావు. మరచిపోలేని ఒక సంవత్సరం గురించి చెప్పమని కార్యదర్శిగారు అడిగితే నాకు వెంటనే తట్టింది 1999.

ఆ ఏడాది మొదలు బాగానే ఉంది. జనవరి 31న చెన్నై టెస్టులో పాకిస్తాన్ 12 పరుగుల తేడాతో మనల్ని ఓడించింది. అయినా చెపాక్‌లో జనం లేచి నిలబడి, గెలిచినవాళ్ళకి చప్పట్లు కొట్టారు. సరిగ్గా వారానికి ఢిల్లీలో కుంబ్లే ఒక్కడే ఇన్నింగ్స్‌లో 10 వికెట్లూ తీశాడు. ఫిబ్రవరి 20న ప్రధాని వాజ్‌పేయిగారు బస్సులో లాహోరు వెళ్ళారు. ఇక సరిహద్దు కాస్త చల్లబడుతుందని అనుకున్నాం.

మే నెల వచ్చేసరికి అంతా మారిపోయింది. కార్గిల్ కొండలపై చొరబాటుదారులు తిష్ఠ వేశారని తెలిసింది. ద్రాస్ దగ్గర తోలోలింగ్ మీద కూర్చున్న శత్రువుకి శ్రీనగర్–లేహ్ రోడ్డు కళ్ళెదుటే ఉండేది. నేనప్పుడు సిగ్నల్స్‌లో నాయక్‌ని, ఆ సెక్టారులోనే లైన్ పార్టీలో ఉన్నాను. షెల్లింగ్‌లో టెలిఫోన్ తీగ తెగితే, తెగినచోటు వెతికి అతకడం మా పని.

అదే సమయంలో ఇంగ్లండులో ప్రపంచకప్పు జరుగుతోంది. జూన్ 8న మాంచెస్టర్‌లో మనకీ పాకిస్తాన్‌కీ మ్యాచ్. మన హైదరాబాద్ అజరుద్దీన్ కెప్టెన్. ఆ రాత్రి లైన్ టెస్ట్ చేస్తుంటే అవతలి ఎక్స్ఛేంజ్ వాడు ముందు "స్కోరెంత?" అని అడిగేవాడు. మా బంకర్లో ట్రాన్సిస్టరే అందరికీ ఆధారం. వెంకటేశ్ ప్రసాద్ 5 వికెట్లు తీశాడు. 47 పరుగుల తేడాతో గెలిచాం. అందరం కేకలు వేశాం. ఆ గెలుపు మాకు ఊపిరి పోసిందంటే అబద్ధం కాదు.

కొన్నాళ్ళకి పాత పేపర్లు మా దాకా వచ్చాయి. అందులో మ్యాచ్‌ని కూడా యుద్ధమనే రాశారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మేము కేకలు వేసిన రాత్రికి తోలోలింగ్ ఇంకా మన చేతికి రాలేదు. మేజర్ రాజేశ్ అధికారి మే 30న ఆ కొండమీదే ప్రాణాలిచ్చారు. జూన్ 13న 2 రాజ్‌పుతానా రైఫిల్స్ దాన్ని గెలిచింది. ఆ పల్టన్‌లోనే ఉన్న హైదరాబాద్ బిడ్డ మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న లోన్ హిల్ దాడిలో వీరమరణం పొందారు. అంతకు వారం ముందే ఆయనకి 31 ఏళ్ళు నిండాయి. మహావీర చక్ర ప్రకటించారు. ఆయన బిడ్డ ఆ తరువాతే పుట్టింది.

కొండలు దిగి ఊపిరి పీల్చుకునేలోపే అక్టోబర్ 29న ఒడిశాలో పెను తుఫాను, డిసెంబర్ 24న విమానం హైజాక్. ఆర్మీకి ఆ ఏడాది విశ్రాంతి అన్నది లేదు.

జూన్ 20న ప్రపంచకప్పు ఆస్ట్రేలియా పట్టుకుపోయింది. పోతే ఏమైంది? 2003లో ఫైనల్ దాకా వెళ్ళాం, 2011లో గెలిచాం. ఆటలో ఓడినవాడికి మళ్ళీ మైదానం ఉంటుంది. కార్గిల్‌లో మనం పోగొట్టుకున్న 527 మందిలో ఒక్కరికీ రెండో మ్యాచ్ లేదు.

అందుకే తమ్ముళ్ళూ, మ్యాచ్ చూడండి, గొంతు పోయేలా అరవండి. నేనూ అరుస్తాను. కానీ టీవీవాడు దాన్ని యుద్ధం అన్నప్పుడు పక్కనున్న పిల్లలకి తేడా చెప్పండి. అది మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? ఈసారి జూలై 26న వీరనారీమణుల ఇళ్ళకి వెళ్ళేటప్పుడు మన పిల్లల్నీ వెంట తీసుకువెళ్దాం. ఆ ఇంట్లో ఒక గంట కూర్చుంటే నా ప్రసంగం అక్కర్లేదు.

జై హింద్.