పాత మోటారుకారు - ఇంటి పోషణ

ఇనుము అరిగితే కంటికి కనిపిస్తుంది. రబ్బరు ఎండిపోతే కనిపించదు. పాతబడిన పెద్దకారును ఇంట ఉంచుకొని బాగుచేసుకోదలచినవారు మొట్టమొదట గ్రహించవలసిన సంగతి ఇది. బండి ఎంత దూరం తిరిగినదని అందరూ అడుగుతారు. ఎన్ని ఏండ్లు కదలక నిలిచి ఉన్నదని అడిగేవారు అరుదు. అయినా ఇటువంటి బండ్లను తిరుగుడు కంటె కాలమే ఎక్కువగా తినివేస్తుంది.

ఉదాహరణకు మెర్సిడెస్ బెంజ్ వారి 124 తరగతి సెడాన్ కారును తీసుకొందాము. 1984 చివర జర్మనీలో వెలువడిన ఈ తరగతి బండ్లు అన్ని రకాలూ కలిపి 25 లక్షలకు పైగా తయారైనవి. మన దేశంలో 1995లో పూనాలో వీటి కూర్పు మొదలైనది. అక్కడ తయారైన వాటికి కూడ ఇప్పుడు పాతికేండ్లు దాటినవి. ఒకప్పుడు సంపన్నుల వాకిట మాత్రమే నిలిచిన బండి ఇప్పుడు సామాన్య గృహస్థు అందుకోగల వెలకు దిగివచ్చినది. చిక్కంతా అక్కడే ఉన్నది. బండి వెల తగ్గినది గాని, విడిభాగాల వెల తగ్గలేదు. కనుక చేతనున్న సొమ్ము ముందు దేనికి, తరువాత దేనికి అన్నదే అసలు ప్రశ్న. ముందుగా రంగు వేయించినవారికి మెరిసే బండి దక్కుతుంది. ఆగవలసినచోట ఆగే బండి దక్కునని చెప్పలేము.

మేము పాటించే వరుసలో మొదటిది బ్రేకులు. బ్రేకు గొట్టాలలోని ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకొనే గుణమున్నది. డాట్ 4 రకపు కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని తట్టుకొంటుంది. నూటికి నాలుగు పాళ్లకు దగ్గరగా నీరు చేరినప్పుడు అది 155 డిగ్రీల వద్దనే మరగవచ్చును. ఘాటురోడ్డు దిగుతూ పదేపదే బ్రేకు తొక్కినప్పుడు వేడి పెరిగి, ద్రవంలో ఆవిరి పుడుతుంది. ద్రవం ఒత్తిడికి అణగదు, ఆవిరి అణుగుతుంది. అప్పుడు పెడలు నేలకు తగులుతుంది, బండి ఆగదు. ఇంత ప్రమాదాన్ని నివారించేది రెండేండ్లకొకసారి మార్చవలసిన ఒక డబ్బా ద్రవం! చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలను కూడ పరీక్షించి, పగుళ్లున్నా, ఉబ్బు కనిపించినా మార్చివేయవలెను. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలను చదువుట నేర్చుకొనవలెను. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పదేండ్లు దాటిన టైరు గాళ్లు ఎంత లోతుగా ఉన్నా నమ్మదగినది కాదు.

రెండవది ఇంజను చల్లదనం. ఇంజను తలభాగం అల్యూమినియంతో చేసినది. ఒక్కసారి మితిమీరి వేడెక్కితే వంకరపోయి, దాని క్రింది గాస్కెట్టు చెడుతుంది. ఆ మరమ్మతు ఖర్చు ఒక్కొక్కప్పుడు బండి వెలకు సమీపిస్తుంది. రేడియేటరులో బోరుబావి నీరు పోయరాదు. అందులోని సున్నం లోపల పొరలుగా పేరుకొని దారులను మూసివేస్తుంది. తయారీదారులు చెప్పిన కూలెంటును శుద్ధజలంతో కలిపి వాడవలెను. ఇంజను చల్లారిన తరువాత గొట్టాలను వ్రేళ్లతో నొక్కి చూస్తే, బిరుసెక్కినవీ, మెత్తబడినవీ తెలిసిపోతాయి. వేడిమీద మూత ఎన్నడూ విప్పరాదు. తీసిన పాత కూలెంటును మురుగు కాలువలో పోయకూడదు. రుచికి తియ్యగా ఉండే ఆ ద్రవం త్రాగిన కుక్కలకు, పిల్లులకు ప్రాణాంతకం.

మూడవది తీగెలు, పెట్రోలు గొట్టాలు. 1990 తరువాతి తొలి సంవత్సరాలలో తయారైన ఈ కార్లు కొన్నింటిలో, కాలక్రమాన మట్టిలో కలిసిపోయే రకపు తొడుగును తీగెలకు వాడినారు. ఉద్దేశం మంచిదే. కాని ఇంజను వేడికి ఆ తొడుగు అట్టుపొరవలె పెళుసెక్కి రాలిపోతుంది. తీగెకు తీగె తగిలి, ఇంజను అర్థంకాని తీరున తడబడుతుంది. ఇట్టిచోట టేపు చుట్టి సరిపుచ్చరాదు. ఆ తీగెల కట్టను మొత్తంగా మార్చవలెను. పెట్రోలు వాసన వచ్చిన బండిని మాత్రం, కారణం తెలిసేవరకు, స్టార్టు చేయనే రాదు.

నాలుగవది తుప్పు. ప్రక్కలనున్న ప్లాస్టిక్ పలకల వెనుక, జాకీ ఆనించేచోట, బ్యాటరీ క్రింద అది రహస్యంగా వ్యాపిస్తుంది. ముందద్దం దిగువనున్న నీటిదారిలో ఆకులు నిలిస్తే నీరు లోపలికి దిగుతుంది. చెట్టు నీడన కారు నిలిపేవారు నెలకొకసారి ఆ ఆకులు ఏరివేయుట కానీ ఖర్చులేని వైద్యం. ఇవన్నీ ముగిసిన తరువాతనే రంగు, తోలు సీట్లు, మెరుగులు.

ఇంటివద్ద పని చేసేవారికి ఒక్క హెచ్చరిక. కేవలం జాకీమీద లేపిన బండి క్రిందికి ఎవరూ దూరరాదు. చదునైన గట్టినేలమీద, చక్రాలకు అడ్డు పెట్టి, బరువు మోయగల ఇనుప స్టాండ్లపై నిలిపిన తరువాతనే క్రిందికి వెళ్లవలెను. గాలిసంచి, స్ప్రింగులు మొదలైన వాటి జోలికి పోక, నేర్పరియైన మెకానిక్కుకు అప్పగించుట వివేకం. బ్రేకు పని స్వయంగా చేసుకొన్నా, వీధిలోకి వెళ్లేముందు తెలిసినవారిచేత ఒకసారి చూపించుకొనుట మంచిది.

ఒక నోటుపుస్తకంలో ఏ తేదీన ఏమి మార్చినదీ వ్రాసి ఉంచుకొంటే, వచ్చే ఏడు ఏమి చేయవలెనో అదే చెబుతుంది. మన చట్టం ప్రకారం సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగుస్తుంది. ఆపైన పరీక్ష జరిపించి, ఐదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. ఆనాడు కూడ ఆ పుస్తకం అక్కరకు వస్తుంది. ఇంటి పెద్దలకు పట్టుబట్టల కంటె వేళకు అందే మందు ముఖ్యమని మనకు తెలుసును. వయసు మీరిన బండికీ అంతే. దానిలో కూర్చునేవారు మన పిల్లలే గదా!