ముందు స్త్రీ పర్వం, తర్వాతే శాంతి పర్వం

పట్టాలు అందుకున్న పిల్లలకు అభినందనలు. శాలువాల తతంగం అయిపోయింది కాబట్టి ఇక అసలు మాటకొస్తాను.

విజయసూత్రాలు చెప్పమన్నారు. అవి నాకు తెలియవు. ఇక్కడే బహ్రెయిన్‌లో, సిత్రాలోని ఒక నిర్మాణ కంపెనీలో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. జీతం లేని పని మాత్రం ఒకటి మీద పడింది. ఇక్కడ పోయిన మనవాళ్లను ఊరికి చేర్చే కాగితాలు సిద్ధం చేయడం. మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ అనుమతి, చివరికి కార్గో టికెట్టు. 2006 మార్చి 30 రాత్రి, కంపెనీ విందుకని జనం ఎక్కిన అల్ దానా పడవ ఈ తీరానికి దగ్గర్లోనే బోల్తాపడి 58 మంది పోయారు. వాళ్లలో మన దేశంవాళ్లు చాలామంది. అప్పుడూ, ఆ తర్వాతా నేను గమనించింది ఒకటే: కాగితాలు పట్టుకుని తిరిగేవాళ్లు తక్కువ, వేదాంతం చెప్పేవాళ్లు ఎక్కువ.

భర్త పోయిన మనిషి ఫోన్లో గుండెలవిసేలా ఏడుస్తుంటే, ‘ఆత్మకు చావు లేదమ్మా, ఏడవకు’ అంటారు. అయ్యా, గీత చెప్పింది యుద్ధానికి ముందు, విల్లు కింద పెట్టినవాడికి. అంత గీతా విన్న అర్జునుడే పదమూడో రోజు అభిమన్యుడు పోయాడని తెలిసి కుప్పకూలి ఏడ్చాడు. కృష్ణుడు పక్కనే ఉన్నాడు. మరి మీరెవరండీ ఏడవొద్దనడానికి?

ఇక మీ సంగతి. స్నేహితుడి తండ్రి పోతే గ్రూపులో ‘RIP’ అని మూడక్షరాలు కొట్టి, దండం బొమ్మ పెట్టి, మరుక్షణం క్రికెట్ స్కోరు చూస్తారు. నవ్వకండి, మిమ్మల్నే అంటున్నాను!

భారతంలో వరుస చూడండి. భీష్ముడి ఉపదేశాలన్నీ శాంతి పర్వం నుంచే. దానికి ముందు స్త్రీ పర్వం ఉంది. విదురుడు ఎంత చెప్పినా ధృతరాష్ట్రుడి దుఃఖం ఆగలేదు. గాంధారి కొడుకుల శవాల మధ్య తిరిగి ఏడ్చింది, కృష్ణుణ్ణి శపించింది. తిక్కన కూడా ఆ ఏడుపును దాటవేయలేదు. పదిహేనేళ్లు పాండవుల పంచన బతికి అడవికి వెళ్లాక కూడా ఆ తల్లికి బిడ్డలను చూడాలనే ఉంది. వ్యాసుడు ఆమెను తప్పుపట్టలేదు. గంగలోంచి పోయినవాళ్లను పిలిచి ఒక్క రాత్రి చూపించాడు.

మరి ఇంత ఏడ్చినవాళ్లకు ధైర్యం ఎక్కడిది? ధర్మరాజును చూడండి. రాజ్యం వద్దు, అడవికి పోతానన్నవాడు చివరికి సింహాసనమెక్కి ఏం చేశాడు? నా అన్నవాళ్లు లేకుండా పోయిన రాజులకు తానే శ్రాద్ధం పెట్టించాడు. భర్తలనూ కొడుకులనూ పోగొట్టుకున్న ఆడవాళ్లకు ఆసరా ఇచ్చాడు. తన దుఃఖం తీరాక చేసిన పని కాదది, దుఃఖంతోనే చేశాడు.

అలాంటివాణ్ణి ఇక్కడా చూశాను. జగిత్యాల వైపు మేస్త్రీ. తమ్ముడు ఈ దేశంలోనే పోయాడు. ఆ తర్వాత క్యాంపులో ఎవరు పోయినా షిఫ్టు దిగి నాతో వచ్చేవాడు. ఊరికి ఫోన్ చేసి, ‘వదినా, ఏడువు. నేను లైన్‌లనే ఉన్న’ అనేవాడు. అంతకుమించి ఉపన్యాసం ఇచ్చేవాడు కాదు. కాగితాల వరుస మాత్రం నాకన్నా బాగా నేర్చాడు.

పిల్లలూ, మీకూ పెద్ద నష్టం ఏదో ఒక రోజు వస్తుంది. సిగ్గుపడకుండా ఏడవండి. తర్వాత, మీకన్నా దిక్కులేనివాళ్ల పని ఒకటి నెత్తిన వేసుకోండి. ఎదుటివాడి కష్టంలో మాత్రం శ్లోకం పట్టుకుని వెళ్లకండి. అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్లండి.